పేపర్ వదలకండి, పాత వారాలు వదిలేయండి

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. నా వయసు 32. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. ఇద్దరు పిలకాయలూ బడికి పోతున్నారు కదా అని ధైర్యం చేసి ఆన్‌లైన్ డిగ్రీలో చేరాను. ఈ సెమిస్టర్‌లో పురాణగాథలు, జానపదం అనే పేపర్ కనిపిస్తే, కథలే కదా తేలిగ్గా ఉంటుందని తీసుకున్నాను. వారానికి రెండు యూనిట్లు చదవాలి. ఒక్కో యూనిట్‌లో పదిహేను, ఇరవై కథలుంటాయి. వాటిలో ఒకదాన్ని సొంతంగా తిరగరాసి ఆదివారంలోగా కోర్సు సైట్‌లో పెట్టాలి. తోటి విద్యార్థులు ఇద్దరు రాసినవి చదివి అభిప్రాయం చెప్పాలి. అంతా ఇంగ్లీషే. కోర్సు మొత్తం 15 వారాలు. ఇప్పుడు ఏడో వారం నడుస్తోంది, నేను మూడో వారం దగ్గరే ఆగిపోయాను. మా ఆయన రొయ్యల చెరువుల మీద పనిచేస్తారు, రాత్రిళ్ళు ఇంట్లో ఉండరు. పిలకాయలు పడుకున్నాక ఫోన్ పట్టుకుని కూర్చుంటే గ్రీకు పేర్లు నోరు తిరగవు. ఎవరు ఎవరి కొడుకో గుర్తుండదు. పైగా రామాయణ భారతాలను కూడా 'మిథ్' అనే పేరు కింద పెట్టారు. అంటే అబద్ధమనే కదా? మనసుకు కష్టంగా ఉంది. మా అత్తమ్మది కనిగిరి వైపు. "పిలకాయల కథలకు డిగ్రీ ఏంది?" అంటుంది. ఆదివారం వస్తోందంటే టెన్షన్. ఈ పేపర్ వదిలేయమంటారా?

సమాధానం: అమ్మా, పేపర్ వదలొద్దు. వదలాల్సింది నాలుగు, ఐదు, ఆరు వారాలు.

మీ ఉత్తరంలో "మూడో వారం దగ్గరే ఆగిపోయాను" అన్న మాట దగ్గర నేను ఆగాను. మీరు రోజూ రాత్రి ఫోన్ తీసి నాలుగో వారం పాఠం తెరుస్తున్నారని నాకు అర్థమైంది. అందులో ఇరవై కథలు. నాలుగు కథలు చదివేసరికి నిద్ర. ఈలోగా ఏడో వారం కూడా గడిచిపోతుంది. ఇలా చేస్తే ఎప్పటికీ అందుకోలేరు. ఈ ఆదివారం ఏది పెట్టాలో అది మాత్రమే ఈ వారం చదవండి. 15 వారాలకూ మార్కులు సమానమనుకుందాం. మూడు వారాలు పూర్తిగా పోయినా పోయేది ఐదో వంతే. ఐదింట నాలుగు వంతులు ఇంకా మీ చేతిలోనే ఉన్నాయి. ఏడో వారం కూడా జారిపోతేనే అసలు నష్టం మొదలవుతుంది.

ఈ మాట పుస్తకంలో చూసి చెప్పడం లేదు. నేను ఎం.ఏ. దూరవిద్యలో చదివాను. పాఠాలు పోస్టులో కట్టలుగా వచ్చేవి. ఒక ఏడాది మూడో కట్ట నెలకు పైగా ఆలస్యంగా వచ్చింది. అది రాగానే మా చిన్నదానికి జ్వరం. తేరుకునేసరికి నాలుగో కట్టా ఐదో కట్టా బల్ల మీద ఉన్నాయి. వరసగా చదివితేనే చదువు అనే పట్టుదల నాది. మూడో కట్ట పట్టుకుని కూర్చున్నాను. పరీక్ష రోజుకు నాలుగో కట్ట సగంలో ఉన్నాను, ఐదో దాని దారం కూడా విప్పలేదు. ఆ పేపర్ తప్పాను. మర్నాడు దారం విప్పి చూస్తే నాకు బాగా తెలిసిన విషయమే అందులో ఉంది. ఇన్నేళ్ళయినా ఆ బాధ పోలేదు, అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

లెక్కల్లో అయితే కూడిక రాకుండా గుణకారం రాదు. కథల పేపర్ అలాంటిది కాదు. మెసపొటేమియా వాళ్ళ పాత గాథ గిల్గమేష్ చదవకపోయినా గ్రీకు కథ అర్థమవుతుంది. సెలవుల్లో తీరిక దొరికితే వెనక వారాలు చదువుకోవచ్చు, కథలు ఎక్కడికీ పోవు.

ఇంకో పని ఇవాళే చేయండి. పాఠం చెప్పే వారికి మెయిల్ రాయండి. మూడు వాక్యాలు చాలు: ఫలానా వారాలు పెట్టలేకపోయాను, ఈ వారం నుంచి వరసగా పెడతాను, ఆలస్యంగా పెట్టినవాటికి కొన్ని మార్కులైనా ఉంటాయా? ఇంట్లో కష్టాలన్నీ రాయక్కర్లేదు. కోర్సు నియమాలు కూడా ఒకసారి చదవండి. చాలా కోర్సుల్లో కొన్ని వారాలు తప్పినా సర్దుకునే వీలు ముందే పెట్టి ఉంటారు. మన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక 'స్వయం' మీద ఐఐటీల ఎన్‌పీటెల్ వాళ్ళ 12 వారాల కోర్సుల్లో 12 అసైన్‌మెంట్లలో ఎక్కువ మార్కులొచ్చిన 8నే లెక్కలోకి తీసుకుంటారు. మీ కోర్సులోనూ అలాంటిది ఏదైనా ఉందేమో చూసుకోండి.

ఇక పేర్ల సంగతి. మీరు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో గుర్తుపెట్టుకోవాలని చూస్తున్నారు. ఒక నోట్సు తీసుకుని తెలుగులో రాయండి. జ్యూస్, డిమీటర్, హేడీస్, పర్సెఫొనీ. తెలుగు లిపిలోకి రాగానే సగం బెరుకు పోతుంది. తర్వాత పేరు పక్కన వరస రాయండి. ఇంగ్లీషులో అందరూ 'అంకుల్', అందరూ 'బ్రదర్', దాంతో ఏదీ తేలదు. మన భాషలో అన్నా తమ్ముడా, బాబాయా మేనమామా అని తేల్చుకోకుండా నోరే పెగలదు. అది మీకు కలిసొచ్చే విషయం.

పర్సెఫొనీ కథే చూడండి. పంటల దేవత డిమీటర్ కూతురు పర్సెఫొనీ. తండ్రి దేవతల రాజు జ్యూస్. ఆ పిల్ల పూలు కోసుకుంటుంటే నేల చీలి, పాతాళ రాజు హేడీస్ రథం మీద వచ్చి ఎత్తుకుపోతాడు. ఈ హేడీస్ ఎవరు? గ్రీకు కవి హీసియడ్ చెప్పిన పుట్టుక వరసలో ఈ ముగ్గురిలో డిమీటర్ పెద్దది, హేడీస్ ఆమెకు తమ్ముడు, జ్యూస్ అందరికన్నా చిన్నవాడు. అంటే తల్లి వైపు నుంచి చూస్తే హేడీస్ ఆ పిల్లకు మేనమామ. తండ్రి వైపు నుంచి చూస్తే పెదనాన్న! మీ క్లాసులో ఇంగ్లీషువాళ్ళకు ఆ పెళ్ళే పెద్ద వింత. మేనరికాలు చూస్తూ పెరిగిన మనం ఆ వింత దగ్గర ఆగం. మనకు తట్టే ప్రశ్న వేరు: పిల్లనిస్తానని తండ్రి ఒప్పుకున్నాడు సరే, తల్లికి ఒక్క మాటైనా చెప్పలేదేం? ఈ కథ చెప్పే పాత గ్రీకు స్తోత్రం బరువంతా నిజానికి అక్కడే ఉంది. డిమీటర్ కాగడాలు పట్టుకుని తొమ్మిది రోజులు తిండీ నీళ్ళూ లేకుండా వెతుకుతుంది. జ్యూస్ మాట ఇచ్చాడని తెలిశాక దేవతల మధ్యకు వెళ్ళనంటుంది. నేల మీద ఒక్క గింజా మొలవనివ్వదు. చివరికి జ్యూసే దిగొస్తాడు. కానీ పిల్ల అక్కడ దానిమ్మ గింజ తిన్నది కాబట్టి ఏడాదిలో మూడో వంతు పాతాళంలో ఉండాలి, మిగతా కాలం తల్లి దగ్గర.

ఆ వరసల చీటీ ఒక్కటి రాసుకుంటే మీ వారం చర్చకు కావలసిన మాట దొరికింది చూశారా? "మా వైపు మేనమామను చేసుకోవడం ఉంది, అందుకే నాకు ఈ కథలో పెళ్ళి తప్పుగా కనబడలేదు, తల్లిని అడగకపోవడం తప్పుగా కనబడింది" అని నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో రాయండి. తప్పులుంటే ఉండనివ్వండి. ఆ క్లాసులో ఇంకెవరూ ఆ మాట రాయలేరు.

తిరగరాయడం కూడా ఇలాగే. ఇరవై కథలూ చదివి మంచిది ఎంచుకుందామని చూడకండి. యూనిట్ మొత్తం ఒకసారి పైపైన తిరగేయండి, మొదటి పేరాలు మాత్రమే. మనసు ఎక్కడ ఆగితే ఆ కథను రెండుసార్లు నింపాదిగా చదవండి. ఫోన్ పక్కన పెట్టి పిలకాయలకు నోటితో చెప్పండి. మీరు ఎక్కడ తడబడ్డారో అక్కడ మీకు కథ అర్థం కాలేదు. పిలకాయలు ఎక్కడ "ఆ తర్వాత?" అన్నారో అక్కడ కథ ఉంది. ఆ రాత్రే ముందు తెలుగులో పది వాక్యాలు రాయండి, మర్నాడు ఇంగ్లీషులోకి తెచ్చుకోండి. నేరుగా ఇంగ్లీషులో రాయబోతే మీకు వచ్చిన ఇంగ్లీషు ఎంతో కథ అంతే అవుతుంది.

కథను మీ ఊళ్ళోకి తెచ్చేయండి, తిరగరాతలో ఆ స్వేచ్ఛ ఉంటుంది. డిమీటర్‌ను పెన్న కాలువ కింద వరి పండించే తల్లిని చేయండి. "ఆ ఏడు నారుమడిలో ఒక్క మొలకా లేవలేదు. నీళ్ళున్నాయి, విత్తనం మంచిదే. పొద్దున్నే గట్టు మీద కూర్చునే ఆడమనిషిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు." ఇలా మొదలుపెడితే మిగతాది మీ చేతే రాయించుకుంటుంది. మీ ఆయన చెరువు మీద ఏరేటర్ల చప్పుడు, గట్టు మీద లైటు, తెల్లారుజామున వల వేసి రొయ్య చూసుకోవడం మీకు తెలిసినట్టు మీ పాఠం చెప్పేవారికి తెలియవు. వాటిని కథలో పెట్టండి.

చాట్‌జీపీటీతో రాయించి పెట్టేద్దామని చాలామందికి అనిపిస్తుంది. మీకూ అనిపించి ఉంటే ఆ ఆలోచన మానుకోండి. మార్కుల గొడవ అలా ఉంచండి. ఈ పేపర్‌లో మీ దగ్గర ఉన్నది మీ నోటి మాట ఒక్కటే. అదే అప్పగించేస్తే ఇక చేరి ఏం లాభం? ఇంగ్లీషు మాటకు అర్థం చూసుకోవడానికి వాడుకుంటే తప్పులేదు.

రోజుల విషయం. సోమవారం రాత్రి తిరగేసి కథ ఎంచుకోండి, బుధవారం చెప్పి తెలుగులో రాయండి, శుక్రవారం ఇంగ్లీషు చేసి పెట్టేయండి. తోటివాళ్ళ రాతల మీద అభిప్రాయానికి పావుగంట: వాళ్ళు రాసినదాంట్లో మీకు కళ్ళకు కట్టినది ఒకటి చెప్పండి, ఒక ప్రశ్న అడగండి. ఆదివారం ఖాళీగా ఉండాలి. కరెంటు పోయినా, చిన్నవాడికి ఒళ్ళు వెచ్చబడినా ఆ రోజు ఆదుకుంటుంది. ఆదివారం అంటే టెన్షన్ అన్నారే, అది పోవాలంటే గడువు మీ లెక్కలో శుక్రవారానికి రావాలి.

ఇప్పుడు మీ మనసుకు కష్టం కలిగించిన మాట దగ్గరికి వస్తాను. ఇది పైపైన చెప్పి వదిలేసే విషయం కాదు.

మామూలు ఇంగ్లీషులో 'మిథ్' అంటే అబద్ధపు నమ్మకం, నిజమే. పేపర్లలో అలాగే వాడతారు. కానీ ఈ శాస్త్రంలో ఆ మాటకు అర్థం వేరు. అమెరికా జానపద పండితుడు విలియం బాస్కమ్ 1965లో నోటి కథలను మూడు రకాలుగా విడదీశాడు. ఎంతో పూర్వం, ఈ లోకం ఇప్పటిలా లేని కాలంలో నిజంగా జరిగిందని చెప్పుకునేవాళ్ళు నమ్మేది, పవిత్రంగా చూసుకునేది మిథ్. మనం పురాణగాథ అంటున్నాం. కాస్త ఇటీవలి కాలంలో, ఫలానా చోట, మనుషుల మధ్య జరిగిందని నమ్మేది ఐతిహ్యం. ఎవరూ నిజమని నమ్మక సరదాకు చెప్పుకునేది జానపద కథ. గమనించండి, నిజమా అబద్ధమా అని ఆయన తీర్పు చెప్పలేదు. చెప్పేవాళ్ళు దాన్ని ఎలా చూస్తారన్నదే ఆయన అడిగాడు. ఆ లెక్కన ఒకదాన్ని మిథ్ అనడమంటే, దాన్ని పవిత్రంగా నమ్మే జనం ఉన్నారని, లేదా ఒకప్పుడు ఉండేవారని ఒప్పుకోవడమే.

ఈ మూడింటికీ ఉదాహరణలు మీ ఇంటి చుట్టూ ఉన్నాయి. జొన్నవాడలో కశ్యప మహర్షి యజ్ఞం చేశాడని, ఆ యజ్ఞవాటికే జొన్నవాడ అయిందని చెబుతారు. అది పురాణగాథ. అక్కడి కామాక్షమ్మ గుళ్ళో నిద్ర చేసే ఆడవాళ్ళకు, పిల్లలు కలగాలని కొడిముద్ద ప్రసాదం కోసం కొంగు పట్టేవాళ్ళకు అది ఈనాటి సంగతి. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర యుద్ధంలో ప్రాణాలిచ్చిన పన్నెండు మంది కథ ఐతిహ్యం. మనుషులే, సమాధులు కళ్ళ ముందే ఉన్నాయి. రాజు గారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒక చేప ఎండలేదన్నది జానపద కథ. చీమ కుట్టిందాకా పోయే ఆ కథను ఏ తల్లీ నిజమని చెప్పదు, అయినా చెప్పకుండా ఉండదు. ఒకదాన్నుంచి ఒకటి అల్లుకుంటూ పోయే ఇలాంటి గొలుసు కథలు లోకమంతా ఉన్నాయి. ఫిన్లాండ్ పండితుడు ఆంటీ ఆర్నే 1910లో మొదలుపెట్టి, తర్వాతివాళ్ళు 2004 దాకా పెంచుకుంటూ వచ్చిన కథల రకాల పట్టికలో వీటికి ఒక భాగమే ఉంది. మీ క్లాసులో ఆ పట్టిక పేరు వచ్చినప్పుడు ఏడు చేపలు గుర్తు చేసుకోండి.

బారాషహీద్ దర్గా మాట వచ్చింది కాబట్టి అక్కడి రొట్టెల పండుగ గురించి ఇంకొంచెం. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు. ఏ మతం వాళ్ళయినా సరే. సంతానం రొట్టె, పెళ్ళి రొట్టె, చదువు రొట్టె ఉన్నాయి. ఇప్పుడు వీసా రొట్టె కూడా ఉంది. జానపదమంటే పాతకాలపు సామాను అనుకునేవాళ్ళకు ఈ వీసా రొట్టె ఒక్కటి చూపిస్తే చాలు. పాత కథ, పాత ఆచారం అలాగే ఉన్నాయి, కోరిక మాత్రం ఈ కాలానిది. జానపదం బతికుందనడానికి అంతకన్నా గుర్తు ఏం కావాలి? కోర్సు చివర్లో పెద్ద వ్యాసం ఏదైనా అడిగితే దీన్నే తీసుకోండి. మీ చుట్టుపక్కల రొట్టె పట్టినవాళ్ళు నలుగురైనా దొరుకుతారు.

ఒక తేడా మాత్రం మీరు క్లాసులో ధైర్యంగా చెప్పొచ్చు. జ్యూస్‌కూ డిమీటర్‌కూ ఒకప్పుడు ఊరూరా గుళ్ళుండేవి. ఆ పూజలు ఎప్పుడో ఆగిపోయాయి. ఉత్తర యూరప్ దేవతల కథలు ఇవాళ మనకు తెలుస్తున్నాయంటే 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో స్నోరి స్టుర్లుసన్ రాసిపెట్టడం పెద్ద కారణం. అప్పటికి రెండు వందల ఏళ్ళ ముందే, 1000 ప్రాంతంలో, ఆ దేశం క్రైస్తవం తీసుకుంది. ఆయన రాసింది తన తాతముత్తాతలు వదిలేసిన దేవతల గురించి. అదే శతాబ్దంలో మన నెల్లూరులో తిక్కన గారు విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు తెలుగు చేశారు. ఆయన రాసింది తాను కొలిచే దేవుడికి అంకితమిస్తూ. ఇద్దరి చేతిలోనూ పురాతన గాథలే. ఒకరిది జ్ఞాపకం, మరొకరిది పూజ. మన కథలను చదివేటప్పుడు ఇంకా దీపం వెలుగుతున్న గుడిలోకి వెళ్ళినట్టు వెళ్ళాలి అని మీరు రాస్తే, పాఠం చెప్పేవారు కాదనరు. మీ నమ్మకాన్ని క్లాసు బయట చెప్పుల దగ్గర వదిలి రమ్మని ఈ చదువు అడగదు. పక్కవాళ్ళ నమ్మకాన్ని కూడా అంతే మర్యాదగా చూడమంటుంది.

సిద్ధాంతాలంటే కూడా భయపడకండి. రష్యా పండితుడు వ్లాదిమీర్ ప్రాప్ పేరు మీకు తప్పకుండా తగులుతుంది. 1928లో ఆయన వంద రష్యన్ అద్భుత కథలు ముందేసుకుని, పాత్రల పేర్లు ఏవైనా జరిగే పనులు 31 రకాలేనని చూపాడు. చదవడానికి పొడిగా ఉంటుంది. మీరు చిన్నప్పుడు విన్న కథ ఒకటి పక్కన పెట్టుకోండి. రాజకుమారుడు ఏ ఊరు పోయినా రాత్రి బస ఎక్కడ? పేదరాసి పెద్దమ్మ ఇంట్లో. ఆమె అన్నం పెట్టి, కోటలో రాకుమారి సంగతి, రాక్షసుడి ప్రాణం ఎక్కడుందో, అన్నీ చెప్పి పంపిస్తుంది. వీరుడికి దారిలో ఎదురై కావలసిన సాయం అందించే ఇలాంటి మనిషికి ప్రాప్ 'దాత' అని పేరు పెట్టాడు. రష్యాలో ఆ పని చాలాసార్లు అడవిలో గుడిసె కట్టుకున్న బాబా యాగా అనే ముసలిది చేస్తుంది. ఎన్ని కథల్లో కనిపించినా పెద్దమ్మ ఒక్కతే ఎందుకు, ప్రతి ఊళ్ళోనూ ఎందుకుంటుంది అని మీరు చిన్నప్పుడు అడిగే ఉంటారు. ఆ ప్రశ్నకే ఆయన పుస్తకం రాశాడు.

ఇక మీ అత్తమ్మ. ఆమె మాటకు నొచ్చుకోకండి, ఆమె మీ కోర్సుకు శత్రువు కాదు. కనిగిరి వైపు మనిషి అన్నారు. ఆ వైపు పెద్దవాళ్ళలో కాటమరాజు కథ వినకుండా పెరిగినవాళ్ళు తక్కువ. కొమ్ము ఊదుతూ ఆ కథ పాడే కొమ్ములవాళ్ళను ఆమె చిన్నతనంలో చూసే ఉండొచ్చు.

ఆ కథ మీ క్లాసుకు ఎందుకు పనికొస్తుందో చెబుతాను. కరువొచ్చి కాటమరాజు ఆవుల మందలను నెల్లూరు రాజు మనుమసిద్ధి బీళ్ళకు తోలుకొచ్చాడు. మేపుకున్నందుకు పుల్లరి ఇచ్చేలా ఒప్పందం. ఆ పుల్లరి దగ్గర మాట తేడా వచ్చి యుద్ధమైంది. రాజు తరఫున కత్తి పట్టినవాడు ఖడ్గతిక్కన, కవి తిక్కనకు దాయాది. ఒకసారి ఆయన యుద్ధంలో నిలవలేక ఇంటికొచ్చాడు. భార్య చానమ్మ స్నానానికి నీళ్ళు తోడి, చుట్టూ మంచం అడ్డం పెట్టి, పక్కన పసుపు ముద్ద పెట్టింది. ఆడవాళ్ళు స్నానం చేసే ఏర్పాటు. ఇదేమిటంటే, "ఇంట్లో మీతో కలిపి ముగ్గురం ఆడవాళ్ళమే కదా" అంది. అన్నానికి కూర్చుంటే తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసింది. "నువ్వు విరిగి వచ్చావు, పాలూ విరిగాయి" అంది. ఆయన తిరిగి వెళ్ళి పోరాడి చనిపోయాడు.

ఇప్పుడు మీ గ్రీకు యూనిట్‌లోకి రండి. స్పార్టా తల్లి యుద్ధానికి వెళ్ళే కొడుకు చేతికి డాలు ఇచ్చి, దీనితోనైనా రా, దీని మీదనైనా రా అన్నదని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిపెట్టాడు. గెలిచి రావాలి, లేదంటే శవంగా రావాలి అని. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. స్పార్టా తల్లి వెళ్ళేముందు చెబుతుంది, మన ప్రోలమ్మ తిరిగొచ్చాక చెబుతుంది. ఆమె డాలు చూపిస్తే ఈమె పాలు చూపించింది. పశువుల కోసం జరిగిన యుద్ధంలో పాలు విరగడం కన్నా పదునైన మాట ఇంకేముంటుంది? నాకైతే మన ఇంటి దృశ్యమే గొప్పదనిపిస్తుంది. దాంతోపాటు భయమూ వేస్తుంది. కొడుకును చావుకు పంపడానికి తల్లికి ఒక గ్లాసు పాలు సరిపోయాయి. మీకు ఏమనిపిస్తుందో మీరు రాయండి.

అన్నిటికన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. చాటువులు, పద్యాలు చదువుకున్న నెల్లూరు పండితుల నోట ఈ యుద్ధానికి వీరుడు ఖడ్గతిక్కన. కొమ్ములవాళ్ళ నోట, గొల్లల ఇళ్ళల్లో, వీరుడు కాటమరాజు. ఒకే యుద్ధం, రెండు వైపుల నుంచి. రాజు వైపు వాళ్ళ చిలుక చావు దగ్గర గొడవ మొదలైందని, దానికి బదులుగా కాటమరాజు ఆవులను చంపించారని పాటలో వస్తుంది. అలా చూస్తే పుల్లరి కట్టననడం న్యాయమే. రాజు వైపు నుంచి చూస్తే అది ఎగవేత. తంగిరాల వెంకట సుబ్బారావు గారు ఈ కథా చక్రాన్ని ఏళ్ళ తరబడి సేకరించి అచ్చు వేయించబట్టి మనకు ఇవాళ చాలా పాఠాలు, అంటే ఒకే కథను ఒక్కొక్కరు చెప్పిన తీరులు, మిగిలాయి. అయినా ఒక ఇంట్లో ఒక ముసలామె చెప్పే పాఠం ఏ సంపుటంలోనూ ఉండదు.

అందుకని ఈ శనివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, అత్తమ్మ దగ్గర కూర్చోండి. "కోర్సు కోసం" అని మొదలుపెట్టకండి. మీకు తెలిసిన ముక్క మీరే తప్పుగా చెప్పండి, ఆమె దిద్దకుండా ఉండలేదు. ఫోన్‌లో రికార్డు చేసుకుంటానని అడిగి, ఆమె సరేనన్నాకే నొక్కండి. మధ్యలో ఆమె ఆగితే ఆ ఖాళీని మీరు నింపకండి, కాసేపు చూడండి. పాట రూపంలో ఏ ముక్క వచ్చినా ఆపకుండా పాడనివ్వండి. ఎవరి నోట విన్నారో, అప్పుడు ఆమెకు ఎన్నేళ్ళో, ఎక్కడ కూర్చుని విన్నారో చివర్లో అడిగి రాసుకోండి. మీ పాఠంలో దాన్నే సందర్భం అంటారు, దానికి మార్కులు కూడా ఉండొచ్చు.

ఆదివారానికి ఏడో వారం పెట్టేశాక నాకు ఒక్క సంగతి రాయండి. పుల్లరి గొడవలో తప్పు ఎవరిదంటోంది మీ అత్తమ్మ?